ఖాళీ సీసాలో నాన్నగారి చుట్ట

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. కొలిచి చూపించలేనిది లేనట్టే లెక్క అని వాదించే మనిషిని. అమలాపురంలో ఓ కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తాను.

పొగాకులో ఉండే ఫినాల్ పదార్థాలను కొలిచే పద్ధతిని మెరుగుపరచడం నా పని. పొగాకు నూరి, ద్రావకంలో నానబెట్టి, వడకట్టి యంత్రంలోకి పంపుతాం. కాలమ్ అనే సన్నటి గొట్టం దాటి ఒక్కో పదార్థం ఒక్కోసారి బయటికొస్తుంది. తెర మీద గీత ఒక్కోదానికి ఒక్కో శిఖరంలా లేస్తుంది, దాన్నే పీక్ అంటాం. నాకు మాత్రం రెండు పీక్‌లు ఎనిమిది నెలలుగా అతుక్కునే వచ్చేవి. అవి విడిపోతేగాని ఏది ఎంతుందో చెప్పలేం.

నా శాంపిల్ మా నాన్నగారి చుట్టలే. రాజోలు దగ్గర మా ఊళ్లో ఆయన రిటైరైన టీచరు. లంకపొగాకుతో తనే చుట్టుకునేవారు. గొంతు క్యాన్సర్ అని తేలిన రోజు, మిగిలిన కట్టంతా నా చేతిలో పెట్టారు.

"ఇందులో ఏవుందో తేల్చు తల్లీ. నేనుండగానే చెప్పాలి సుమా."

"ఆయ్, చెప్తాను నాన్నగారూ" అన్నాను.

చెప్పలేకపోయాను. ఆఖరి చుట్ట కూడా నూరేసిన వారంలోనే ఆయన పోయారు. శవపెట్టె మూసేముందు అమ్మ అడిగింది. "ఒక్క చుట్టయినా ఉంచేవా అమ్మాయ్? ఆయన జేబులో పెడదాం." ఒక్కటీ ఉంచలేదు. ఛీ, ఏం కూతుర్ని నేను అనిపించింది.

మూడో రోజు ప్రార్థన అయ్యాక, మర్నాడు పొద్దున ల్యాబ్‌కి వెళ్లాను. కొత్త కాలమ్ బిగించి, కొత్త సీసాలో ఉత్త ద్రావకం పోసి పంపాను. గీత చదునుగా వస్తే యంత్రం శుభ్రంగా ఉన్నట్టు. అది చూడందే మేం ఏ శాంపిలూ పెట్టం.

పీక్‌లు లేచాయి. నాన్నగారి చుట్టవే. ఆ వరస నిద్రలో అడిగినా గీస్తాను. అతుక్కునే ఆ రెండూ ఈసారి విడివిడిగా నిలబడ్డాయి.

"పాతది మిగిలుంటుందమ్మా" అన్నారు మా ల్యాబ్ పెద్ద సార్. కాలమ్ అప్పుడే డబ్బాలోంచి తీశాం. సూదీ గొట్టాలూ కడిగే ఉన్నాయి. అదే సీసా మళ్లీ పెడితే చదును గీత వచ్చింది. వేరే పొగాకులతో ఇవాళ్టికీ ఆ రెండూ అతుక్కునే వస్తున్నాయి.

పొగాకే లేని ఖాళీ సీసాలోంచి వచ్చిన ఆ పీక్‌ల ప్రింటు కాగితాన్ని ఎవరికి చూపిస్తాను? ఇంటికి తీసుకెళ్తే అమ్మ చేత్తో తడిమి, "ఆయనడిగింది ఇదేనా?" అంది. అవునన్నాను. ఏది ఎంతుందో అందులో స్పష్టంగా ఉంది. ఎలా వచ్చిందో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా నాకు తెలియడం లేదు.

తనుండగానే చెప్పమన్నారు. నాలుగు రోజులు ఆలస్యమైంది.