వీబ్రెన్‌కు పడని గాలి

వీబ్రెన్‌కు చలిగాలి పడదు. పడదంటే మనకు పడనట్టు కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్ ఊళ్లో ఏ చర్చిలో కచేరీ పెట్టినా, తన నిలువెత్తు బాస్ వాయిద్యాన్ని గోడకు చేరేసి, చూపుడువేలు నోట్లో తడిపి గాలిలోకెత్తి, "వస్తోంది!" అని ప్రకటించేవాడు, శత్రుసైన్యం వస్తున్నట్టు. ఇక అందరి కుర్చీలూ కదలాల్సిందే. నడివేసవిలోనూ మెడకు మఫ్లరే.

మూడొందల ఏళ్లనాటి సంగీతం వాయించే ఆ చిన్న బృందానికి నాయకురాలు ఫెన్నా. కుర్చీలు మోసి మోసి ఆమె నడుం పడిపోయింది.

"బాస్ వెనకాల ఉండాలి కదయ్యా! ముందు వయొలిన్ల మధ్య నీకేం పని?"

"వెనకాల గాలి కోసేస్తోందమ్మా. ఇదిగో, ఈ హిల్యే పక్కన వెచ్చగా ఉంది."

వయొలిన్ వాయించే హిల్యే బృందంలో అందరికంటే పెద్దావిడ. ఏ చర్చికెళ్లినా ఆవిడ పక్కనే వెచ్చగా ఉండేది.

"ఆవిడేమన్నా కుంపటా?" అనేవాడు ఓబో వాయించే యోస్ట్. ముసలివయసు ప్రేమేనని అందరూ ఖాయం చేసేసుకున్నారు.

ఈస్టర్ కచేరీకి రేడియో వాళ్లొచ్చి మైకులు బిగించి, ఒక్క కుర్చీ కూడా కదలకూడదన్నారు. వీబ్రెన్ వేలు తడిపాడు. ఫెన్నాకు ఒళ్లు మండింది. కొవ్వొత్తి వెలిగించి అతని ముక్కు ముందు పెట్టింది. మంట నిటారుగా నిలబడింది.

"ఏదీ గాలి? చూపించు!"

అతను ఆమెను స్తంభం చాటుకు లాక్కెళ్లాడు. "హిల్యేకు చెవులు పోతున్నాయమ్మా. నేను పక్కనుంటే బాస్ మోత వేదిక చెక్కల్లోంచి ఆవిడ పాదాలకు తెలుస్తుంది. దాంతో తాళం పట్టుకుంటుంది. ఈ సంగతి నాకు తెలుసని ఆవిడకు తెలీదు. నువ్వు చెప్పావో, చూడు మరి!"

ఫెన్నా నేరుగా రేడియో ఆయన దగ్గరికెళ్లింది. "కుర్చీలు మారుస్తున్నాం."

"ఎందుకండీ?"

"గాలి."

"నాకేం తగలట్లేదే!"

"మీకు తగలదులెండి."

కచేరీ అదిరిపోయింది. తర్వాత అందరూ బఠాణీ సూప్ తాగుతుంటే ఫెన్నా హిల్యే పక్కన చేరి గట్టిగా అడిగింది: "వీబ్రెన్ మీదమీదకొచ్చి కూర్చుంటే ఇబ్బందిగా లేదా?"

హిల్యే ఆమె పెదాల వంకే చూసి నవ్వింది. "పాపం, వాడికి తాళం నిలవదే! వదిలేస్తే మనందరికంటే ముందే ముగించి ఇంటికెళ్లిపోతాడు. నా కాలు చూసి వాయించుకుంటాడని నేను గట్టిగా తాళం వేస్తుంటాను. అడగటానికి మొహమాటపడి గాలి నాటకం ఆడుతున్నాడు. నేను కనిపెట్టానని చెప్పకే, చిన్నబుచ్చుకుంటాడు."

మరి ఇన్నాళ్లూ ఎవరి తాళం ఎవరు పట్టుకుంటున్నట్టు? ఫెన్నా ఇంకో గరిటెడు సూప్ వడ్డించుకుంది.