రోజూ చేసే ప్రమాణం

మొన్న తిరుపతిలో మోకాలి నొప్పికి డాక్టరుకు చూపించుకుని ఆటో కోసం నిలబడి ఉంటే, ఎదురుగా ఉన్న బడిలో మైకు మోగింది. పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారు. ముందు ఒక ఆడపిల్ల వాక్యం చెబితే మిగతావాళ్లు అందుకుంటున్నారు. కొందరు ఆ పిల్ల కంటే ముందే చివరికి చేరిపోతున్నారు. నా పక్కన నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు అప్పటికే వాదనలోకి దిగారు. బడిలో ఇది తప్పనిసరిగా ఉండాలని ఒకరు, బలవంతాన చెప్పిస్తే దేశభక్తి వస్తుందా అని ఇంకొకరు. వాదన ఎటు తేలిందో తెలియదు, ఈలోపు ఆటో వచ్చేసింది. ఇంటికి చేరేదాకా నా మనసు మాత్రం కుదురుకోలేదు. ఆ వాదన ఒకప్పుడు మా ఇంట్లోనే జరిగింది. నా కూతురి చదువు దాని మీదే ఆధారపడింది.

అప్పుడు మేం పూతలపట్టులో ఉండేవాళ్లం. నేను చిత్తూరులో బెల్లం మండీకి వెళ్లి తూకాలు చూసేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు మాత్రం ఎక్కాల పుస్తకం ఒకటి కొనుక్కుని, మండీలో పెద్దవాళ్లు నోటితో వేసే లెక్కలు విని సొంతంగా నేర్చుకున్నాను. దాంతో ఏ విషయాన్నైనా త్రాసులో లాగా రెండు తట్టల్లో పెట్టి చూడటం అలవాటైంది. నా భార్య తల్లి, అంటే మా అత్త, మాతోనే ఉండేది. ఆమెది ఐరాల పక్క పల్లె. ఆ పక్క మనుషులకు ప్రమాణమంటే ఆటలు కాదు. కాణిపాకం వినాయకుడు వాళ్లకు పొరుగువాడి కింద లెక్క. గట్టు తగాదా వచ్చినా, కోడి కనబడకపోయినా, "కాణిపాకానికి వస్తావా?" అని అడిగితే చాలు, సగం మంది అక్కడికక్కడే నిజం ఒప్పుకునేవారు. ఆయన ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని నమ్మకం. మా అత్త అయితే కూరలో ఉప్పు వేశానా లేదా అన్నదానికి కూడా ఒట్టు పెట్టేది కాదు.

సరిహద్దు మంచుకొండల్లో యుద్ధం జరుగుతున్న ఏడాది అది. బడులు తెరిచిన కొత్త. అందరి ఇళ్లల్లోనూ రేడియో వార్తలే. మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరుకు కూడా ఉత్సాహం పుట్టి, ఇకమీదట ప్రతిజ్ఞ గొణగడం కుదరదు, గట్టిగా చెప్పాల్సిందేనని చెప్పి, ముందు నిలబడి చెప్పించడానికి నా కూతుర్ని ఎంచాడు. దాని గొంతు అట్లాంటిది, వీధి చివర నుంచి పిలిచినా నాకు వినబడేది. ఆ సాయంత్రం అది పంచలో చెయ్యి ముందుకు చాచి అభ్యాసం మొదలుపెట్టింది. మా అత్త పక్కనే కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది.

"ఏంది పాపా, చెయ్యి సాపి ఏం చేస్తా ఉండావు?"

"ప్రతిజ్ఞ అవ్వా. రోజూ చెప్పాల బళ్లో."

"ఏమని?"

నా కూతురు ఉత్సాహంగా అర్థం విడమరచి చెప్పింది. ఈ దేశంలో ఉన్నవాళ్లంతా నాకు తోబుట్టువులే, పెద్దల్ని గౌరవిస్తాను, అందరి మేలు కోరతాను, ఇట్లా. వింటూ వింటూ మా అత్త చేతిలో కాయ చేటలో పడేసింది.

"ఇది పెమాణం గదే! రోజూనా? నిన్ననే గదా పక్కింటి పిల్ల జుట్టు పట్టి పీకినావు!"

నేను కల్పించుకుని, "ఎక్కాలు గూడా రోజూ చెప్తారు గదత్తా, ఇదీ అంతే," అన్నాను. నా దృష్టిలో అది తిరుగులేని మాట.

"ఎక్కం తప్పితే కొట్టేది ఐవోరు. పెమాణం తప్పితే కొట్టేది ఐవోరు కాదప్పా," అంది. నన్నే చూస్తూ ఇంకో మాట కూడా అంది. "అయినా నమ్మనోళ్ల ముందర గదా పెమాణం చేసేది? ఈ బిడ్డని ఎవురు నమ్మలేదని రోజూ చేపిస్తా ఉండారు?"

ఆ మాట తప్పని అనలేను. అట్లాగని ఆమెతో ఏకీభవించానని కాదు. ఒక తట్టలో ఆమె మాట, ఇంకో తట్టలో బడి. ముల్లు ఎటూ నిలవలేదు.

మర్నాడు నా కూతురు బడిలో అందరి ముందూ నిలబడింది, చెయ్యి చాచింది, నోరు మాత్రం పెగల్లేదు. ఆ తర్వాత రోజూ అంతే. వారం తిరగకుండానే హెడ్మాస్టరు నాకు కబురు పెట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "పైనుంచి తనిఖీకొస్తే నేనేం చెప్పాలప్పా? అందులోనూ ఇట్లాంటి టైములో! ముందు నిలబడొద్దులే, వరసలో నిలబడైనా చెప్పమను. సోమవారం గూడా చెప్పకపోతే టీసీ తీసుకునిపో," అన్నాడు. టీసీ తీసుకుంటే ఇంకో హైస్కూలుకు చిత్తూరు బస్సెక్కాలి. ఎదిగే పిల్లను ఒంటరిగా బస్సులో పంపడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అంటే చదువు అక్కడితో ఆగిపోయినట్టే. మధ్యలో బడి మానేస్తే ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మండీలో ఒకే బెల్లం దిమ్మెను రెండుసార్లు తూచాను, రెండుసార్లూ తూకం మర్చిపోయాను. ఇంటికొస్తే కూర్చోలేను, పడుకోలేను.

ఊళ్లో మాట పాకిపోయింది. ఆదివారం పొద్దున మిలిటరీ మామ వచ్చాడు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, కొడుకు అప్పుడు సరిహద్దులో ఉన్నాడు. కొడుకు నుంచి కబురు లేక ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడి, "ఏమక్కా, మీ పాప దేశం పేరెత్తి మాట చెప్పేదానికి నోరు రాలేదంట? నా కొడుకు యాడుండాడో తెలుసునా నీకు?" అన్నాడు మా అత్తతో.

"కూసో తమ్ముడా," అంది ఆమె. ఆయన కూర్చోలేదు.

"నీ కొడుకు పెమాణం చేసినాడా?"

"చెయ్యకుండా ఎట్ల? మిలిటరీలో చేరినప్పుడు అందరం చేసినాం."

"రోజూ చేస్తాడా?"

"రోజూ ఎందుకు చేస్తాడు? ఒగసారే."

"ఆ ఒగసారికేనా ఇప్పుడు ఆ మంచులో నిలబడుండేది?"

మిలిటరీ మామ అప్పుడు కూర్చున్నాడు. నా భార్య మజ్జిగ ఇస్తే తాగి, తువ్వాలుతో ముఖమంతా తుడుచుకుని వెళ్లిపోయాడు. నా కూతురు తలుపు వెనక నిలబడి అంతా వింది.

సోమవారం పొద్దున అది బావి దగ్గర తలారా నీళ్లు పోసుకుని, ఒళ్లు తుడుచుకోకుండా, యూనిఫాంతోనే నీళ్లు కారుతూ వచ్చి నా ముందు నిలబడింది. కాణిపాకంలో ప్రమాణం చేసేవాళ్లు కోనేట్లో మునిగి తడిబట్టలతోనే దేవుడి ముందుకు వెళతారు. నాకు అర్థమయ్యేలోపే మా అత్తకు అర్థమైంది. బడి గడప ఎప్పుడూ తొక్కని మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా దాని వెనకే నడిచింది. నేను వాళ్ల వెనక.

పిల్లలంతా వరసల్లో ఉన్నారు. గేటు దగ్గర మిలిటరీ మామ కూడా ఉన్నాడు, ఎవరు చెప్పారో. నా కూతురు ముందుకు వెళ్లి చెయ్యి చాచి, ప్రతిజ్ఞ మొత్తం ఒక్కతే చెప్పింది. ఒక్కో మాటా నిదానంగా, కింద పెడితే పగులుతుందేమో అన్నట్టు. వెంట పలకాల్సిన పిల్లలు పలకడం మర్చిపోయారు. పావడా అంచు నుంచి నీళ్లు మట్టిలో పడుతున్నాయి. చెప్పడం అయ్యాక అది హెడ్మాస్టరు వైపు తిరిగి, "ఇంక చెప్పను సార్. చెప్పేసినాను," అంది.

హెడ్మాస్టరు నోరు తెరిచేలోపు మిలిటరీ మామ గేటు నుంచే అన్నాడు: "ఆ బిడ్డని ఇంక అడగొద్దండి సార్. ఈ బళ్లో ఈ పొద్దు చెప్పింది ఆయమ్మి ఒగతే."

హెడ్మాస్టరు ఆయన్ని చూశాడు, తడిసిన పిల్లను చూశాడు. "జలుబు చేస్తాది, పొయ్యి బట్టలు మార్చుకుని రాపో," అన్నాడు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాత తనిఖీకి వచ్చిన రోజు మాత్రం దాన్ని చివరి వరసలో, అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్ల వెనక నిలబెట్టాడట.

మిలిటరీ మామ కొడుకు తిరిగొచ్చాడు. మా అత్త ఇప్పుడు లేదు. నా కూతురు పది దాటి ఇంకా చాలా చదివి ఉద్యోగం చేసుకుంటోంది. ఆ రోజు చెప్పిన మాటను నిలబెట్టుకుంటోందా అని నేనెప్పుడూ అడగలేదు, అడగడం నమ్మకపోవడమే అవుతుంది కదా. మండీలో ఏ రోజు లెక్క ఆ రోజే తేలిపోయేది. ప్రమాణం లెక్క తేలాలంటే అది చేసిన మనిషి కాలమంతా గడవాలి. నా కూతురిది తేలే నాటికి చూడటానికి నేనుండను, ఉండకూడదు కూడా.