పిన్నిని కథలో పెట్టబోయి

పెళ్లయి, హిందీ మాట్లాడే ఊళ్లో బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్‌కి వచ్చిన కొత్తలో నేనొక కథ రాశాను. డెబ్బయ్యవ దశకం చివరి రోజులు. ఆ కథ కోసం మా తెలుగు సంఘం ఉగాది సంచిక చూసే మాస్టారు నన్ను పెట్టిన తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కథ మా పక్క క్వార్టర్ పిన్ని మీద. శ్రీకాకుళం వైపు మనిషి, భర్త రైల్వేలో ఫిట్టరు. మా వరసకంతటికీ ఒకటే కొళాయి, అక్కడ ఆవిడదే రాజ్యం. "ఆమె నోరు గయ్యాళి, మనసు వెన్న" అని మొదలుపెట్టాను. మాస్టారు ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టారు.

"వెన్నో సున్నమో నువ్వు చెబితే నేనెందుకు నమ్మాలమ్మా? ఆవిణ్ణి నాకు కనపడనీ."

సరే, ఎగదోపిన చీర, కిళ్లీతో ఎర్రబడ్డ పళ్లు, చేతిలో నీళ్ల బాల్టీ అన్నీ రాసి పట్టుకెళ్లాను. "ఇది ఫోటో. ఫోటో మాట్లాడదు" అన్నారు. ఇంటికొచ్చి మాట్లాడించాను.

"ఏటే, నీ బాల్టీ నా బాల్టీ ముందరెట్టినావేటి? లైనంటే తెల్దేటి నీకు?"

అది చదివి ముక్కు చిట్లించారు. "ఈ ఏటి ఏమిటి, ఈ బాల్టీ ఏమిటి?" అంటూ ఎర్రసిరాతో దిద్దారు: "ఏమమ్మా, నీ బిందెను నా బిందెకు ముందు ఎందుకు ఉంచావు?"

"ఇలా మాట్లాడే మనిషికి మా కొళాయి దగ్గర చుక్క నీళ్లు దొరకవండీ" అని లేచి వచ్చేశాను.

ఇది చాలదన్నట్టు, కథ సంగతి మా ఆయన నోటి వెంట పిన్ని చెవిలో పడింది.

"నా మీద కత రాత్తన్నావంట గదా? బాగా రాయి. నాను ఎవుల్నీ పల్లెత్తి మాటన్ను."

ఆ మర్నాటి నుంచి కొళాయి దగ్గర వేషం మొదలు. "నువ్వే ముందు పట్టుకో తల్లీ" అని అందరికీ దారి ఇచ్చేది, నేను చూస్తున్నానో లేదో అని ఓరకంట కనిపెట్టేది. ఒకావిడ, పిన్నికి ఒంట్లో బాగాలేదేమోనని భయపడి "తబియత్ ఠీక్ హై నా?" అని కూడా అడిగింది. నాకు ఏడుపొచ్చింది. నా కథలో మనిషి కళ్ల ముందే మాయమైపోయింది.

అంతలో నాకు మలేరియా తగులుకుంది. ఒక రోజు మా ఆయన నా బాల్టీని కొళాయి దగ్గర వరసలో పెట్టి డ్యూటీకి వెళ్లారు. నీళ్లు సన్నగా వస్తున్నాయి. మనిషి లేదు కదా అని ఎవరో నా బాల్టీని వరసలోంచి పక్కకు తోసినట్టున్నారు. కిటికీలోంచి పిన్ని గొంతు వినపడింది, యార్డులో ఇంజన్ కూత కూడా దాని ముందు చిన్నబోయింది.

"ఆ బొట్టి జొరంతో పడుంటే దాని బాల్టీ తీసెత్తావేటే? మళ్లీ సెయ్యెయ్యి, సూత్తాను!"

నా బాల్టీ నింపి, గచ్చంతా ఒలకబోసుకుంటూ లోపలికి తెచ్చింది. "కతలు రాసుకుంటా కూకుంటే జొరం రాక ఏటొత్తాది?" అని నన్నూ తిట్టింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఇప్పుడు అరిసినాను గదా, అది రాయకు. పరువు పోతాది."

జ్వరం తగ్గగానే పాత కాగితాలు చింపేసి, సరిగ్గా అదే రాశాను. ఆవిడ మంచిదనీ చెడ్డదనీ ఎక్కడా అనలేదు. మాస్టారు చదివారు, తలూపారు, వెంటనే ఎర్రపెన్ను తీశారు.

"ఒక్క 'ఏటి' కొట్టేసినా నా కథ నాకిచ్చేయండి" అన్నాను.

వాళ్లావిడ తెచ్చిన టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. చివరికి వేశారు, అడుగున చిన్న అక్షరాల్లో "ఇందలి భాషకు రచయిత్రిదే బాధ్యత" అని చేర్చి మరీ.

సంచిక వచ్చాక పిన్ని, చదివి వినిపించమని తన కొడుకుని అడిగింది. హిందీ బడిలో చదివే కుర్రాడు, తెలుగు చదవడం రాక "ముఝే నహీ ఆతా, అమ్మా" అని జారుకున్నాడు. చదివే పని నా మీదే పడింది. వాళ్ల అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చేరి పొట్ట పట్టుకుని నవ్వారు. పిన్ని మాత్రం నవ్వలేదు.

"రాయొద్దన్న ముక్కే రాసినావు" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

పండగ పచ్చడి పట్టుకెళితే మళ్లీ పలికింది గానీ, ఆ తర్వాత నేను బాల్టీతో కనిపిస్తే చాలు, కొళాయి దగ్గర అందరూ నోళ్లు మూసుకునేవారు. పిన్నే సైగ చేసేది. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. అలా అయితే ఎలా రాసేది?