తాళంచెవి లేని బ్యాకప్

ముందుగా నాకు ఖాయంగా తెలిసినవి. మా ప్రయోగశాల పనులను వేళకు నడిపించే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌ను అద్దెకు తీసుకున్న ఒకే ఒక్క క్లౌడ్ సర్వర్‌లో పెట్టాం. క్యాంపస్ చెట్ల కింద, తార్నాకలో మా మేడ మీది కుండీలలో పాతిన సెన్సర్ల నుంచి నేల తేమ, వేడి రీడింగులను అది రోజూ తెచ్చి భద్రపరిచేది. సెన్సర్ల మెమరీ చిన్నది. ఒక రోజు దాటితే పాత రీడింగులు చెరిగిపోతాయి. ఇక విన్నమాట ఒకటే: సర్వర్ పోయినా బ్యాకప్ నుంచి అంతా తిరిగి వస్తుందని. అన్నవాడు దాన్ని అమర్చిపెట్టిన మా పూర్వ విద్యార్థి. వారాసిగూడలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనిషి నమ్మదగినవాడు, మాటను మాత్రం పరీక్షించవలసిందే.

ఎందుకంటే నేలలోని సూక్ష్మజీవుల మీద నా దగ్గర పిహెచ్‌డి చేస్తున్న అమ్మాయి సిద్ధాంత గ్రంథం ఆ రీడింగుల మీదే నిలబడింది. వానలు మొదలయ్యాయి. అవి జారిపోతే మళ్లీ వచ్చే వానల దాకా ఆగాలి. ఆమె ఫెలోషిప్ అంతదాకా ఉండదు.

"బ్యాకప్ ఎక్కడుంది?" అని అతన్ని అడిగాను.

"గాడనే సార్, సర్వర్ల."

అమ్మాయి నవ్వింది. "అదేంటి తమ్ముడూ, కల్చర్లన్నీ ఒకే ఫ్రీజర్‌లో పెడితే సార్ ఊరుకునేవారా?"

మా శాలలో ప్రతి సూక్ష్మజీవి నమూనాకు రెండో సీసా వేరే భవనంలోని ఫ్రీజర్‌లో ఉంటుంది. చదువుకున్నన్నాళ్లూ ఆ నియమాన్ని తప్పకుండా పాటించినవాడు, ఇక్కడ మాత్రం రెండు సీసాలనూ ఒకే ఫ్రీజర్‌లో పెట్టాడు. చేత్తో తాకలేని సర్వర్ అతనికి చెడిపోయే వస్తువుగా తోచలేదేమో; ఇది నా ఊహ మాత్రమే.

బ్యాకప్ రోజూ విభాగం కంప్యూటర్‌లోకి చేరేలా మార్చాడు. అది చాలదని, దానితో మరో సర్వర్ నిలబెట్టి చూపమన్నాను.

"పెట్టి వారం గాలేదు సార్, గప్పుడే దీనికి సావు పరీక్షనా?" అంటూనే కూర్చున్నాడు.

కొత్త సర్వర్ లేచింది. పనులన్నీ తెర మీద వరుసగా కనిపించాయి. అతను టీకి లేవబోతుంటే, ఒక పని నడిపించి చూపమంది అమ్మాయి. నడవలేదు. మరొకటీ నడవలేదు.

కారణం వెతకగా తేలింది. సెన్సర్ల పాస్‌వర్డులను ఆ సాఫ్ట్‌వేర్ తాళం వేసి డేటాబేస్‌లో దాస్తుంది. తాళంచెవి మాత్రం వేరే సెట్టింగుల ఫైలులో ఉంటుంది. మేం బ్యాకప్ తీసింది డేటాబేస్‌కే. అంటే పెట్టె మా దగ్గర ఉంది, చెవి పాత సర్వర్‌లో ఉంది. అది ఇంకా నడుస్తోంది కనుక చెవిని తెచ్చుకుని, డేటాబేస్‌కు దూరంగా మరోచోట భద్రపరిచాం. ఇంకో సర్వర్‌ను మొదటి నుంచి కట్టాం. ఈసారి తార్నాక కుండీల తేమ తెర మీదికి వచ్చింది.

"ఇగ టీ తాగొచ్చా అక్కా?"

"క్యాంపస్‌వి రాలేదుగా. కూర్చో."

వానల నడుమ ఒకరోజు, పనులు నడిపిస్తున్న పాత సర్వర్ నిజంగానే పలకడం మానేసింది. పొద్దుగూకకముందే మరొకటి నిలబెట్టాం. ఒక్క రీడింగూ పోలేదు. అమ్మాయి గ్రంథం గడువులోపలే సమర్పించింది.

సర్వర్ ఎందుకు ఆగిందో మాత్రం ఇప్పటికీ తెలియదు. దాని నడకను నమోదు చేసే లాగ్ ఫైళ్లు దానిలోనే ఉండేవి, వాటిని బయటికి తెచ్చే ఏర్పాటు మేం చేసుకోలేదు. డిస్క్ నిండిపోయి ఉంటుందని అతనంటాడు. కావచ్చు. చూడడానికి ఆ ఫైళ్లు లేవు.