కొండమీది సర్వర్‌కు కట్టిన తాడు

సోమవారం అనంతపురంలో కొత్త ఉద్యోగంలో చేరాలి సుష్మ. చేరాలంటే పాత కంపెనీవాళ్ళ రిలీవింగ్ లెటర్ కావాలి. అదేమో బెంగళూరులో ఉన్న మేనేజర్ ప్రణీత్ చేతిలో ఉంది. ఆయన ఒకటే మాట పట్టుకు కూర్చున్నాడు: కొండమీది సర్వర్‌కు కెర్నెల్ మార్చు, లెటర్ తీసుకో.

కొండంటే గాలిమరల కొండ. పైన తాళం వేసిన గదిలో సర్వర్. మరలన్నిటినీ కనిపెట్టుకుని ఉండేది అదే. కెర్నెల్ ఏమో అందులో అన్నిటికీ అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములను నడిపించేది. దాన్ని మారిస్తే యంత్రం ఆగి మళ్ళీ లేవాలి. లేవలేదా, ఎవరో ఒకరు ఆ గదికి పోయి లేపాలి. ఎన్నాళ్ళకో కురిసిన వాన కొండదారిని కాస్తా కోసేసింది.

శనివారం పొద్దుటినుంచీ సుష్మ ముదిగుబ్బలో ఇంటి ముందుగదిలో, నెట్ ద్వారా ఆ సర్వర్‌కు కలిపిన లాప్‌టాప్ ముందునుంచి కదల్లేదు. ఫోన్ మోగింది. స్పీకర్‌లో ప్రణీత్ గొంతు.

"ఇంకా ఎంతసేపు సుష్మా? కొత్తదే పర్మనెంట్‌గా పెట్టేసి రీస్టార్ట్ కొట్టు."

"లేయకపోతే ఆడికి ఎవురు పోతారు సార్? దారే లేదు."

"నువ్వే పోతావు. దారి వేసేదాకా మా దగ్గరే ఉంటావు."

గడపలో కూర్చుని నైలాన్ తాడు చుట్టుకుంటున్న నాయన ఆదెన్న నవ్వాడు. బోర్లలోకి మోటార్లు దించడం ఆయన పని; పైపు తెగినా పైకి లాగడానికి మోటారుకు తాడు కడతాడు. "మీ సారు మా రైతుల మాదిరే ఉండాడే! తాడెందుకప్పా, బిరీన దించు అంటారు. పైపు తెగి మోటారు లోపల పడినాక నా మొగం చూస్తారు."

"నీ మోటారు నీ కాళ్ళ కాడన్నా ఉంటాది నాయనా. నాది యాడుందో కనపడను కూడా కనపడదు."

అందుకే ఆమె తన తాడు తాను కట్టింది. పాత కెర్నెల్‌ను తీసెయ్యలేదు. ఈ ఒక్కసారికే కొత్తదానితో లేవమంది. కాసేపట్లో తాను నెట్‌లోంచి సర్వర్ లోపలికి రాలేకపోతే, తనంతట తానే మళ్ళీ రీస్టార్టయి పాతదానితో లేవమని కూడా చెప్పిపెట్టింది. అప్పుడు రీస్టార్ట్ కొట్టింది.

కనెక్షన్ తెగింది. సర్వర్‌ను ఎన్నిసార్లు పిలిచినా జవాబు లేదు. ఆదెన్న బొరుగుల ఉగ్గాని తెచ్చి పక్కన పెట్టాడు. "తిను పాపా. నువ్వు చూస్తాంటే అది తొందరగా లేస్తాదా?" అన్నాడు. ఆమె పళ్ళెం పక్కకు జరిపి మళ్ళీ పిలిచింది.

ఉగ్గాని చల్లారిపోయాక జవాబొచ్చింది! ఎగిరి గంతేసినంత పనిచేసి లోపలికి పోయి చూసింది. లేచింది పాతది. కొత్తది బాగానే లేచిందిగానీ, బయటితో మాట్లాడించే నెట్‌వర్క్ కార్డే దానికి తెలియలేదు. తలుపు లేని గదిలో మేలుకుని ఉన్నట్టు ఉండి ఉండి, చెప్పిన గడువుకు రీస్టార్టయి పాతదానికి చోటిచ్చింది.

ప్రణీత్‌కు ఫోన్ చేసింది. "సర్వర్ బాగుండాది సార్. కెర్నెల్ మాత్రం పాతదే. కొత్తదాంట్లో ఆ నెట్‌వర్క్ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం లేదు, అది చేర్చి మళ్ళా చేయాల."

"అంటే పని కాలేదు. అయ్యాకే లెటర్." పెట్టేశాడు.

"మోటారు దక్కిందా?" అన్నాడు నాయన.

"దక్కింది."

"మరి మొగమెందుకట్ల పెట్టినావు?"

"నేనింకా బోరులోనే ఉండా నాయనా."

ఆదెన్న చల్లారిన ఉగ్గాని తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. సుష్మ డ్రైవర్ వెతకడం మొదలుపెట్టింది. ఇందాకటి తాడు ఒక్కసారికే. మళ్ళీ కట్టాలి.