రాజేశం ఆల్బమ్‌లో ఖాళీలు

రాజేశం మా కంపెనీలో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ మేస్త్రీ. జగిత్యాల వైపు మనిషి. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ షహానియా దగ్గరి కార్మికుల క్యాంపులో పద్దెనిమిదేళ్ళుగా ప్రతి శుక్రవారం భజన పెట్టేది ఆయనే. పాటలూ ఆయన కట్టినవే. గొంతెత్తాడంటే పక్క గదుల్లో బట్టలు ఉతుక్కునేవాళ్ళు కూడా చేతులు తుడుచుకుని వచ్చి కూర్చునేవారు. అలాంటివాడికి కాంట్రాక్టు ముగిసింది, వచ్చే బుధవారం ప్రయాణం. ఆయన వెళ్ళిపోతే భజన ఆగిపోతుందని క్యాంపంతా దిగులు.

"పాటలు స్టూడియోలో రికార్డు చేయిద్దాం" అన్నాను. నేను సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని, గుంటూరువాణ్ణి. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పెద్దరికం నెత్తినేసుకుని, భజనవాళ్ళెవరూ గుంపుగా వెంట రావద్దని కూడా ఆర్డరు వేశాను. డోలక్ వాయించే భూమేష్‌కి మాత్రం మినహాయింపు.

అల్ రయ్యాన్‌లో ఒక విల్లా వెనక గదే స్టూడియో. నడిపేది హైదరాబాద్ గౌస్ మొహియుద్దీన్. రాజేశం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అందుకున్నాడు.

"తలుపు తియ్యవె సామీ, దూరమెల్లి వచ్చినా..."

ఆగాడు. ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకు ఆగిండ్రు చాచా? యల్లా, పాడుండ్రి" అన్నాడు గౌస్.

భజనలో ముందు పాడేవాడు ఒక పాదం అంటే మిగతావాళ్ళంతా అదే పాదం తిరిగి అంటారు. ఆ అనేవాళ్ళనే క్యాంపులో వదిలేసి వచ్చానని అప్పటికి నాకు తట్టలేదు. రాజేశం మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ అక్కడే ఆగాడు. నాకు ఒళ్ళు మండింది. "ఆపకుండా మొత్తం పాడేయండి!" అని కసిరాను. పాడాడు. బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టుంది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

"నాతోని కాదు సార్. అవతల మంది అందుకోకుంటే నాకు రెండో మాట నోటికి రాదు."

తప్పు నాదేనని అప్పుడు తెలిసింది. వాళ్ళను పిలిపిద్దామంటే మమ్మల్ని దించి క్యాంపు బస్సు వెళ్ళిపోయింది, గది మరో రెండు గంటలే మాది. సిగ్గుతో తల దించుకున్నాను.

భూమేష్ డోలక్ సర్దుకున్నాడు. "మామా, నువ్వు ఎప్పటి లెక్కనే ఆగు. మంది పాట నేను మనసుల అనుకుంట దరువేస్త. అయిపోంగనే తలూపుత. ఆ జాగ అట్లనే ఉండనియ్యి."

"ఖాళీలుంటే ఆల్బమ్ ఎవరు వింటరు భాయ్?" అన్నాడు గౌస్.

"వినేటందుకు కాదన్నా. క్యాంపుల మేం పాడేటందుకు."

రాజేశం మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఒక పాదం అని ఆగుతున్నాడు, భూమేష్ తలూపగానే రెండోది ఎత్తుకుంటున్నాడు. ఈసారి అది ఆయన గొంతే. ఎనిమిది పాటలూ ఒక్క ఊపున అయ్యాయి. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆయన ఊరెళ్ళాక వచ్చిన శుక్రవారం క్యాంపుకి వెళ్ళాను. గది నిండా జనం. భూమేష్ స్పీకర్‌లో మొదటి పాట పెట్టాడు. రాజేశం తలుపు తియ్యమని అడిగి ఆగాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉండబట్టలేక ముందు నేనే అందుకున్నాను, అదీ అపశ్రుతిలో. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వులోనే అందరూ గొంతు కలిపారు.

మేము పాదం పూర్తి చేసేదాకా ఆగి, రాజేశం రెండోది ఎత్తుకున్నాడు.