కుడి చేతిలో మెలిక

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. నేను రెంటచింతల ఎండలో పెరిగినవాణ్ణి. మే నెల మధ్యాహ్నం మా ఊళ్ళో బయట తిరగడానికి మనుషులకే ధైర్యం చాలదు, ఇక దయ్యాల సంగతి చెప్పాలా? పైగా నరసరావుపేటలో ఒక ఆస్పత్రి క్యాత్ ల్యాబులో నేను టెక్నీషియన్ని. గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి, ఎక్కడ పూడుకుపోయిందో తెర మీద చూసే గది అది. మనుషుల లోపల ఏముందో రోజూ చూస్తాను. ఆత్మ ఇంతవరకు కనపడలేదు. కొవ్వు మాత్రం బాగానే కనపడింది.

కాబట్టి ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజు పేషెంటు మా మేనత్త మరియమ్మ. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెల్లో నొప్పి. యాంజియోగ్రామ్ చెయ్యాలన్నారు డాక్టరు గారు. గొట్టం పంపడానికి రెండు దారులు: మణికట్టు, గజ్జ. గజ్జల్లోంచి పంపితే తర్వాత గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. మా అత్తకి అట్లా పడుకుంటే ఊపిరాడదు. అంతకన్నా పెద్ద సమస్య మా అత్తే.

"గజ్జల్లోంచా? ఒరేయ్, నువ్వుండే గదిలోనా? ఆ మాటంటే లేచి మాచర్ల బస్సెక్కుతా."

ఆవిడ సరదాకి అనలేదు. మా ఇంట్లో హాస్యం నా శాఖ. చేతికి మాత్రమే ఒప్పుకుని సంతకం పెట్టింది. అంటే చెయ్యి కుదరకపోతే, పూడుకుపోయిన గుండెతోనే ఆవిడ బస్సెక్కుతుంది.

మణికట్టు దారి పేషెంటుకి సుఖం, డాక్టరుకి కాదు. ఆ నాళం సన్నం. భయపడినా, నొప్పి పుట్టినా గొట్టాన్ని బిగించి పట్టేసుకుంటుంది. కొందరికి పుట్టుకతోనే పైన ఎక్కడో మెలిక ఉంటుంది. పైనుంచి చూస్తే తెలియదు. ఎక్స్‌రేలో కనపడే మందు ఎక్కించి తెర మీద చూడాల్సిందే.

ఉదయం ఎనిమిదింటికి వార్డులో నేనే నాడి చూశాను. కుడి చేతిది బాగుంది. ఎడమది నీరసంగా ఉంది. కుడి చెయ్యే అనుకున్నాను.

"కుడిది వద్దురా. ఇక్కడ మెలిక ఉందంట," అంది అత్త మోచేతి మడత చూపిస్తూ.

"ఎవరన్నారు?"

"మీరాబీ. ఇందాక వచ్చి చెయ్యి పిసికి చూసింది. ఎడమది ఇయ్యి తల్లీ, నేను దగ్గరుంటా అంది."

మీరాబీ అంటే కొత్తగా చేరిన నర్సేమో అనుకున్నాను. నాడి దొరికిన చోట గుర్తు పెట్టే పెన్ను చేతిలోనే ఉంది. అత్తని ఏడిపిద్దామని మోచేతి మడత మీద ఇంటూ గుర్తు పెట్టాను.

"ఇక్కడేనా?"

"అర అంగుళం పైకి."

చెరిపి పైన పెట్టాను. కేసు కాగితంలో 'పేషెంటు ఎడమ చెయ్యి అడుగుతున్నారు. కుడి మోచేతి దగ్గర మెలిక ఉందట' అని కూడా రాశాను. డాక్టరు గారు నవ్వుతారని. ఆయన చదవలేదు. నేను రాసింది ఆయన చదివిన చరిత్ర లేదు.

పదింటికి కాస్త మత్తిచ్చి మొదలుపెట్టారు. కుడి చెయ్యి. గొట్టానికి ముందు దారి చూపే తీగ సాఫీగా వెళ్ళి మోచేతి దగ్గర ఆగిపోయింది. మందు ఎక్కించి చూస్తే నాళం జిలేబీలా ఒక చుట్టు తిరిగి పైకి పోతోంది. సరిచెయ్యబోతే అత్త కేక పెట్టింది. డాక్టరు గారు తీగ బయటికి తీసేసి, గుడ్డ పక్కకి జరిపి, నేను పెట్టిన గుర్తు చూశారు. చుట్టు ఉన్నది సరిగ్గా దాని కిందే.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే సార్. పేషెంటు చెప్పింది."

ఆయన నా వైపు మామూలుగా చూసే చూపే చూశారు.

ఎడమ చెయ్యి. మూడోసారికి సూది దిగింది. గొట్టం ముంజేతి సగం దాకా వెళ్ళి బిగుసుకుంది. నాళం సడలడానికి మందిచ్చారు. ఆగారు. కదల్లేదు.

"ఐదు నిమిషాలు చూద్దాం. లేకపోతే గజ్జల్లోంచే," అన్నారు డాక్టరు గారు నెమ్మదిగా.

అత్తకి వినపడింది. "బస్సెప్పుడుందిరా?"

ఆవిడ భయం తగ్గితే గాని నాళం వదలదు, కబుర్లు చెప్పమన్నారు నన్ను. తల దగ్గర నిలబడి ఊళ్ళో విషయాలు ఎత్తుకున్నాను. అత్త మొహం చిట్లించింది.

"కాసేపు నోరుమూసుకోరా. ఆమె చెప్పేది వినపడట్లా."

అత్త ఎడమ చేతిని పొట్ట మీదుగా తమ వైపు పెట్టుకుని డాక్టరు గారూ, నర్సూ కుడి పక్కనే ఉన్నారు. అత్త ఎడమ పక్కన ఎవరూ లేరు.

అప్పుడు చూశాను. అత్త ఎడమ చేతి వేళ్ళు మెల్లగా దగ్గరకొచ్చాయి. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది. గాజులు ఎక్కించుకోవడానికి చెయ్యి అందించినట్టు.

"పచ్చవి కాదు, ఎర్రవి," అని నవ్వింది.

డాక్టరు గారు మెల్లగా తోశారు. గొట్టం జారుకుంటూ వెళ్ళిపోయింది. పూడిక దొరికింది, ఆ చేతిలోంచే స్టెంటు కూడా పడింది.

రక్తం ఆగడానికి మణికట్టుకి పట్టీ బిగిస్తుంటే అడిగాను. "అత్తా, ఆ మీరాబీ ఏ షిఫ్టు?"

"షిఫ్టేందిరా? మాచర్ల నుంచి గాజుల మలారం మూట నెత్తినెట్టుకుని మనూరికి అమ్మొచ్చేది కాదా! నా పెళ్ళి గాజులు ఆమే ఎక్కించింది. నువ్వు పుట్టకముందే పోయింది."

"పోయినామె ఇక్కడికెట్టా వచ్చింది?"

"బస్సులో వచ్చిందేమో. నేనడగలా."

మీరాబీ గాజుని ఎప్పుడూ తోసేది కాదట. బొటనవేలి మొదలు మెల్లగా పిసుకుతూ, పిల్లల సంగతీ వంట సంగతీ అడిగేదట. చెయ్యి తన సంగతి మరిచిపోయిన క్షణంలో గాజు దాటేదట. అత్త చేతిలో ఒక్కటీ పగల్లేదట.

డాక్టరు గారి లెక్క వేరు. మందు పనిచేసింది, మత్తులో మాట్లాడింది, మెలికలు మోచేతి దగ్గర ఉండటం మామూలే. అన్నీ సబబే. అడిగినవాళ్ళకి నేనూ ఇదే చెబుతాను. కానీ మత్తు ఇచ్చింది పదింటికి, గుర్తు పెట్టింది ఎనిమిదింటికి. డ్యూటీ చార్టు కూడా తిరగేశాను. మీరాబీ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు. ఎంత ఆలోచించినా ఆ అర అంగుళం మాత్రం నాకు లెక్క తేలలేదు.

అత్త ఇప్పుడు మెట్లెక్కుతోంది. మధ్యలో ఊపిరి తీసుకోకుండా నన్ను తిడుతోంది. చెకప్‌కి వచ్చినప్పుడు ఎడమ చేతికి డజను ఎర్ర గాజులు. డాక్టరు గారు నేను రాసింది చదవడం మొదలుపెట్టారు.

దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కాకపోతే ఎవరి చెయ్యన్నా బిగుసుకుంటే, కబుర్లు చెప్పమని డాక్టరు గారు నన్ను పిలిచినప్పుడు, వెళ్ళి ఒక నిమిషం ఊరికే నిలబడతాను. ఎవరన్నా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రావడం బాగుండదు కదా.